పుట్టిన బిడ్డకు ఎంత ఆక్సిజన్?

శ్రోతలకు నమస్కారం.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఊపిరి తీసుకోవడం లేదు. ఇప్పుడేం ఇవ్వాలి? ఎవరిని అడిగినా ఆక్సిజన్ అనే చెబుతారు. డాక్టర్లూ దశాబ్దాల పాటు అదే చేశారు. చిన్న మాస్కు ముఖానికి ఆనించి, బ్యాగు నొక్కుతూ నూటికి నూరు శాతం ఆక్సిజన్ పంపేవారు. అది సరైనదేనా అని పరీక్షించి చూసినవాళ్లు లేరు. అంత స్పష్టంగా కనిపించేదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

నార్వే వైద్యుడు ఓలా సాగ్‌స్టాడ్, ఢిల్లీ వైద్యుడు సిద్ధార్థ్ రాంజీ, వారి సహచరులు ఆ పని చేశారు. 1998లో వెలువడిన అధ్యయనంలో 600 మందికి పైగా పసికందులు ఉన్నారు. పుట్టిన తేదీని బట్టి కొందరికి ఆక్సిజన్, కొందరికి మనం పీల్చే మామూలు గాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. ఆ డాక్టర్లకు ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో! కానీ మామూలు గాలి అందిన బిడ్డలే కాస్త ముందుగా ఊపిరి తీసుకున్నారు. ముందుగా ఏడ్చారు. తర్వాత మరికొన్ని అధ్యయనాలను కలిపి చూస్తే, గాలి అందినవారిలో మరణాలు కూడా తక్కువే.

ఎందుకని? కడుపులో బిడ్డ రక్తంలో ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ కూడా పూర్తిగా గులాబీ రంగుకు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఒక్కసారిగా ఎక్కువ ఆక్సిజన్ వచ్చిపడితే కణాలే దెబ్బతింటాయి.

2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలు మారాయి: నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టండి, అవసరమైతేనే ఆక్సిజన్ పెంచండి. అందరూ నమ్మినదాన్ని పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆధారాల నుంచే వచ్చిందని నా నమ్మకం.

"డాక్టర్లు మాటిమాటికీ మారుస్తారు, ఏది నమ్మాలి?" అని కొందరు విసుక్కుంటారు. మారుస్తున్నారు కాబట్టే నేను నమ్ముతాను.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇంతే. గుండె ఆగిపోయినవారికి ఛాతీ నొక్కి, ఊపిరి ఊది చేసే సీపీఆర్ లెక్కలు 2005లో మారాయి, 2010లో మళ్లీ మారాయి. ఇప్పుడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కమంటున్నారు. ఎప్పుడో పాత పద్ధతిలో నేర్చుకున్నవారు ఉంటే, దయచేసి మరోసారి శిక్షణకు వెళ్లండి. ఈ నెలలోనే వెళ్లండి.