అడ్మిషన్ ఇంట్లోనే మొదలవుతుంది

సభాధ్యక్షులకు, సహ అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

1940లో అయ్యలసోమయాజుల లలిత అనే తెలుగు యువతి మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చేరారు. పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, నెలల పసిపాపతో పుట్టింటికి చేరిన ఆమెను ఇంజినీరింగ్ చదివించడానికి, అదే కళాశాలలో ఆచార్యులైన తండ్రి పప్పు సుబ్బారావు గారు పట్టుబట్టి అనుమతి సాధించారు. చదువు పూర్తయ్యాక ఇచ్చిన పట్టాలో ‘అతడు’ అన్న అర్థంలో అచ్చయిన ఆంగ్ల పదాన్ని కొట్టివేసి, ‘ఆమె’ అని చేత్తో దిద్దవలసి వచ్చింది. ఆ కాగితం గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది: లలిత గారికి సీటు ఇచ్చింది కళాశాలే అయినా, నిర్ణయం జరిగింది ఇంట్లో.

ఇప్పటి లెక్కలు పైకి బాగానే కనిపిస్తాయి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలోని 4.33 కోట్ల మంది విద్యార్థుల్లో 2.07 కోట్ల మంది మహిళలు. అయితే ఈ మొత్తం అంకె ఏ కోర్సులో ఎవరున్నారో చెప్పదు. ఐఐటీల బీటెక్ తరగతుల్లో 2017 నాటికి అమ్మాయిలు పదో వంతు కూడా లేరు.

అమ్మాయిలకు లెక్కలు రావని, దూరం పంపలేమని చెప్పేవారికి నేను వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌ను చూపిస్తాను. కొన్నేళ్లుగా ఆ పరీక్ష రాసేవారిలో అమ్మాయిలే ఎక్కువ. అందులోనూ భౌతిక, రసాయన శాస్త్రాలున్నాయి, అందుకూ హాస్టల్లో ఉండి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటున్నారు. డాక్టరు కావడానికి కూతురిని ఊరు దాటించే తండ్రి ఐఐటీ అనేసరికి వెనకాడుతున్నాడంటే అడ్డు ఆమె తెలివిలో లేదు, దూరంలోనూ లేదు. పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో ‘అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి బైపీసీ’ అని తేల్చేసే మన మాటలోనే ఉంది.

ఇంజినీరింగ్ కళాశాలల ఎంపికకు వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఒక తండ్రి పక్కన కూర్చున్నాను. కూతురి ర్యాంకు మంచిదే. ప్రతి కళాశాల పేరు దగ్గరా ఆయన అడిగింది ఒక్కటే: “సార్, సాయంత్రం ఇంటికొచ్చే బస్సు ఎన్నింటికి?” ఆ అమ్మాయి కంప్యూటర్ తెర వైపు కాక తండ్రి ముఖం వైపే చూస్తూ కూర్చుంది. కూతురి క్షేమం కోరే ఆయన్ను నేను తప్పుపట్టలేను. కానీ వాళ్ల అన్నయ్య ఆప్షన్లప్పుడు బస్సు సంగతి వచ్చి ఉండదని మాత్రం నమ్ముతాను.

ఐఐటీ మండీ అప్పటి డైరెక్టర్ తిమోతీ గొన్సాల్వెజ్ నేతృత్వంలోని కమిటీ సిఫారసుతో 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిల కోసం సూపర్‌న్యూమరరీ సీట్లు, అంటే ఉన్నవాటిని తగ్గించకుండా అదనంగా చేర్చిన సీట్లు, వచ్చాయి. 2018లో 14, 2019లో 17, 2020లో 20 శాతం అన్నవి లక్ష్యాలు. ‘అమ్మాయిల కోటాలో వచ్చింది’ అని తోటివారు అనే మాట విని నొచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్లు రాసింది ఐఐటీ ప్రవేశానికి అందరూ రాసే అదే జేఈఈ అడ్వాన్స్‌డ్, అదే ప్రశ్నపత్రం, అర్హత సాధించిందీ అందరితో పాటే. ఏళ్ల తరబడి ఇళ్లలో కొడుకు కోచింగ్‌కే డబ్బు పెట్టడం వల్ల వచ్చిన తేడాను ఈ సీట్లు కొంత పూడుస్తున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, ‘మనమ్మాయికీ అవకాశం ఉంది’ అన్న మాట పదో తరగతి నాటికే ఇంట్లోకి వస్తోంది. నా దృష్టిలో ఈ విధానం సాధించిన అసలు ఫలితం అది.

అయితే 20 శాతం గమ్యం కాదు. ఆ లక్ష్యం చేరాక పురోగతి దాదాపు అక్కడే నిలిచిపోయింది. అదనపు సీట్లతో పాటు అదనపు హాస్టల్ గదులు, రాత్రి ల్యాబ్ నుంచి గదికి వెళ్లే దారిలో దీపాలు ఉండాలి. శాఖల వారీగా అమ్మాయిల సంఖ్యను ప్రతి విశ్వవిద్యాలయమూ ఏటా బయటపెట్టాలి. అప్పుడే కంప్యూటర్ సైన్స్‌లో కనిపించే నిష్పత్తి మెకానికల్‌లో ఎందుకు లేదని మనం నిలదీయగలం. తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే: ఈ వేసవిలో గ్రూపు ఎంచుకునేటప్పుడు ముందుగా అమ్మాయినే మాట్లాడనివ్వండి, ఆమె మాట పూర్తయ్యాకే బస్సు సంగతి ఎత్తండి.