స్టేడియం కూడా పనిచేసే చోటే

శ్రోతలకు నమస్కారం. 2025 అక్టోబరులో మన విశాఖ క్రికెట్ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు పెట్టారు. ఈ ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజి 2024లో పారిస్ ఒలింపిక్స్ హర్డిల్స్‌లో పరుగెత్తింది. సంతోషమే. అయితే ఆటల్లో ఆడపిల్లల మీద వివక్ష ఎక్కువగా కనిపించేది అంత పైన కాదు, పన్నెండు పదమూడేళ్ల పిల్ల ఆట మానేసే చోట. అక్కడ సోషల్ వర్కర్ ఏం చేయాలో ఇవాళ చూద్దాం.

ఎందుకు మానిపించారని ఇంట్లో అడిగితే ‘రోజులు బాగోలేవండీ’ అంటారు. కాస్త తరచి చూస్తే అసలు సంగతి టైమ్‌టేబుల్లో దొరుకుతుంది. నాలుగు నుంచి ఆరు దాకా గ్రౌండు అబ్బాయిలది. ఆడపిల్లల వంతు వచ్చేసరికి చీకటి పడుతుంది. వేళలు మార్చాల్సిన చోట పిల్లనే మానిపిస్తున్నాం.

అందుకే సోషల్ వర్కర్ ఉపన్యాసంతో మొదలుపెట్టకూడదు. పిల్లలు వచ్చే వేళకే గ్రౌండుకు వెళ్లాలి. పగలు పది గంటలకు వెళ్తే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. మరుగుదొడ్డికి లోపల గడియ ఉందా, నీళ్లొస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా, పోటీలకు బయటి ఊరెళ్తే జట్టుతో ఆడమనిషి ఎవరైనా వెళ్తున్నారా? ఇవి రాసుకున్నాకే ఇంటికి వెళ్లాలి. అక్కడ మాట చెల్లేది ఎవరిదో వాళ్లతోనే మాట్లాడాలి. చాలా ఇళ్లలో అది తల్లి కాదు, నాయనమ్మో అన్నయ్యో.

ఆ ఇంట్లో తప్పకుండా వచ్చే భయం ఇంకోటుంది: ఆటలాడితే నెలసరి ఆగిపోతుందని. గట్టిగా ప్రాక్టీసు చేసే పిల్లకు అందుకు తగ్గ తిండి లేకపోతే ఆగిపోవచ్చు, నిజమే. వరుసగా మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించాలి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. చాలాసార్లు మానిపించాల్సింది ఆట కాదు, పెంచాల్సింది తిండి. ఇంట్లో గుడ్డు ముందు ఎవరి కంచంలో పడుతోందో కూడా ఓ కంట చూడండి.

ఇక వేధింపుల సంగతి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం ‘పనిచేసే చోటు’ అన్న మాటకు చెప్పిన అర్థంలో స్టేడియం, క్రీడా శిక్షణ కేంద్రం, పోటీలు జరిగే వేదిక అన్నీ ఉన్నాయి. ఈ సంగతి తెలియని క్రీడా సంఘాలు ఇంకా ఉన్నాయి. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో ఈ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. అంతర్గత కమిటీలో కనీసం సగం మంది స్త్రీలు, బయటినుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. సోషల్ వర్కర్‌కు చట్టమే వేసిన కుర్చీ అది. బయటి సభ్యత్వాన్ని సంఘం కార్యదర్శి బంధువుకు కట్టబెడితే కమిటీ ఉన్నా లేనట్టే.

వేధింపు జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదును రాతపూర్వకంగా, సాక్షుల పేర్లతో, ఆరు ప్రతులు ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పొడిగించవచ్చు. రాయలేని వారికి కమిటీయే సాయం చేయాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. డబ్బిచ్చి రాజీ చేసుకోవడం చెల్లదు. ‘కూర్చుని మాట్లాడి సర్దేద్దాం’ అని పెద్దమనుషులు వస్తే ఆ మాట గుర్తుచేయండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల మీద లైంగిక వేధింపు జరిగితే కమిటీతో సరిపెట్టకూడదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లలకు 1098, మహిళలకు 181 ఫోను నంబర్లు.

ఫిర్యాదు ఇచ్చాక ఎక్కువమంది దెబ్బతినేది ఆటలోనే. కోచ్ చేతిలోనే సెలెక్షన్ కూడా ఉంటుంది. తోటివాళ్లు మాట తగ్గిస్తారు, పిల్ల ప్రాక్టీసుకు రావడం మానేస్తుంది. కాబట్టి విచారణ నడుస్తుండగా ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషిని బదిలీ చేయమని, ఫిర్యాదు చేసినామె పనితీరు మీద అతను రిపోర్టు రాయకుండా ఆపమని ఆమె చేత రాతపూర్వకంగానే అడిగించాలి. నోటిమాటకు రికార్డు ఉండదు. వేరే గ్రౌండులో, వేరే కోచ్ దగ్గర ప్రాక్టీసు ఆ వారంలోనే కుదర్చాలి. రెండు నెలలు గడిస్తే ట్రయల్స్ దాటిపోతాయి. కేసు గెలిచినా ఆ సీజను తిరిగి రాదు.