కాఫీ పోస్తూ యాభై నాలుగేళ్లు: హెలెన్ వాగ్నర్

నమస్కారం. ఈ రోజు మీకు ఒక అమెరికన్ నటి గురించి చెప్పాలి. ఆమె పేరు మనలో చాలామంది విని ఉండరు. నేను మాత్రం చాలా రోజులుగా ఆమె గురించే ఆలోచిస్తున్నాను.

1956 ఏప్రిల్ 2, సోమవారం మధ్యాహ్నం. అమెరికాలో సీబీఎస్ టెలివిజన్‌లో ఒక కొత్త సీరియల్ మొదలైంది. పేరు ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’. లోకం తిరుగుతూ ఉండగా, అని అర్థం. నలుపు తెలుపు తెర మీద ఒక మధ్యతరగతి ఇల్లు. తెల్లవారింది. ఆ ఇంటి ఇల్లాలు భర్తను పలకరించింది: "గుడ్ మార్నింగ్, డియర్."

ఆ సీరియల్‌లో వినిపించిన మొదటి మాటలు అవే. ఇల్లాలి పేరు నాన్సీ హ్యూస్. ఆ వేషం వేసినవారు హెలెన్ వాగ్నర్. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. 2010లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి కూడా ఆమె నాన్సీ హ్యూసే. మధ్యలో కొంత విరామం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ సీరియల్ ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన పని ఎంత కష్టమో తెలియదు. అమెరికాలో పగటిపూట వచ్చే ధారావాహికలను ‘సోప్ ఆపెరా’ అంటారు. సోప్ అంటే మనం ఒంటికి రుద్దుకునే సబ్బే. మధ్యాహ్నం ఇంట్లో ఉండే గృహిణులకు తమ సరుకు అమ్ముకోవడానికి సబ్బుల కంపెనీలు రేడియో నాటకాలకు డబ్బు పెట్టాయి. ఆ పేరు అలా వచ్చి అలాగే నిలిచిపోయింది. ఈ సీరియల్ వెనుక ఉన్నది కూడా సబ్బుల కంపెనీయే, ప్రోక్టర్ అండ్ గాంబుల్. రాసినవారు ఇర్నా ఫిలిప్స్. షికాగో రేడియోలో ఈ తరహా కథలకు పునాది వేసినవారిలో ఆమె ముఖ్యురాలు.

అంతవరకు టీవీలో ఒక్కో భాగం పదిహేను నిమిషాలే ఉండేది. ఇర్నా ఫిలిప్స్ అరగంట కావాలని పట్టుబట్టారు. ఎందుకు? సంఘటనలు ఎక్కువ చూపించడానికి కాదు, తక్కువ చూపించడానికి! వంటింటి బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాలి. ఆ వింటున్న ముఖాన్ని కెమెరా తీరిగ్గా చూడాలి. ఆమె కోరుకున్నది అది. ఓక్‌డేల్ అనే ఊహా పట్టణంలో హ్యూస్ కుటుంబం రోజూ ఇలా మాట్లాడుకుంటూ ఉంటే అమెరికా కూర్చుని చూసింది. మొదటి ఏడాది ఆదరణ అంతంత మాత్రమే. 1958 వచ్చేసరికి పగటి సీరియళ్లలో అదే మొదటి స్థానం. ఇరవై ఏళ్లు ఆ స్థానం కదలలేదు.

ఇప్పుడు హెలెన్ వాగ్నర్ స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. పారిపోవడం లేదు, ఏడుపుల ఉధృతి లేదు, కత్తులు లేవు. కాఫీ పోయాలి, పళ్లెం సర్దాలి, కొడుకు మాట వినాలి, మనసులో ఉన్నది ముఖంలో కొంచెమే కనిపించాలి. పైగా 1975 వరకు అది ప్రత్యక్ష ప్రసారం. తప్పు పోతే పోయినట్టే, రెండో టేకు లేదు. వారానికి ఐదు రోజులు. ఈ రోజు భాగం పూర్తయిందో లేదో, రేపటి సంభాషణలు చేతిలో ఉంటాయి. సీరియల్ నటన అనగానే పెదవి విరిచేవారు ఒక్క వారం ఆ పని చేసి చూడాలి. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

ఆమె ఈ వేషంలోకి అనుకోకుండా వచ్చి పడినవారు కాదు. పుట్టింది టెక్సాస్‌లోని లబ్బాక్ పట్టణంలో, 1918లో. ఇల్లినాయ్‌లోని మన్మత్ కళాశాలలో చదివారు. గాయని కూడా. న్యూయార్క్ రంగస్థలం మీద పాడారు, నటించారు.

ఇంత తయారై వచ్చిన మనిషిని మొదటి ఏడాదిలోనే తీసేశారు! తర్వాత తిరిగి పిలిచారనుకోండి. తీసేయడానికి కారణం ఏమిటని అడిగితే, తాను కాఫీ పోసే తీరు ఇర్నా ఫిలిప్స్‌కు నచ్చలేదని వాగ్నరే చెప్పుకునేవారట. వినడానికి చిన్న విషయం. నాకు మాత్రం అందులో ఆ రచయిత్రి పట్టుదల కనిపిస్తుంది. ఆ ప్రపంచంలో కాఫీ పోయడమే యుద్ధం, కాఫీ పోయడమే పెళ్లి, కాఫీ పోయడమే రాజీ. అది సరిగా లేకపోతే కథే లేదు. అదే కాఫీని ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు పోశారు వాగ్నర్.

ఇక ఆమె జీవితంలోని ఆ పది నిమిషాలు.

1963 నవంబర్ 22, శుక్రవారం. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సీరియల్ మామూలుగానే మొదలైంది. ఇంకో ఆరు రోజుల్లో థాంక్స్‌గివింగ్ పండుగ. నాన్సీ తన మామగారితో మాట్లాడుతోంది. కొడుకు బాబ్, విడిపోయిన భార్య లీసాను పండుగ భోజనానికి పిలిచాడు. దాని గురించే మాటలు. మామగారి వేషంలో సాంటోస్ ఓర్టెగా. మన ఇళ్లలోనూ పండుగ ముందు ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు అనే చర్చ ఎలా సాగుతుందో మీకు తెలుసు. సరిగ్గా అలాంటి సంభాషణ.

1:40కి, ఆమె మాట మధ్యలో ఉండగానే తెర మారిపోయింది. వార్తా ప్రకటన అట్ట ఒకటి కనిపించింది. దాని వెనుక నుంచి సీబీఎస్ వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు: డల్లస్‌లో అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు జరిగాయి. గొంతు మాత్రమే వినిపించింది, మనిషి కనిపించలేదు. అప్పటి కెమెరాలు వేడెక్కి బొమ్మ ఇవ్వడానికి చాలా నిమిషాలు పట్టేది.

నన్ను ఆపేసేది ఆ తర్వాతి సంగతి. స్టూడియోలో ఉన్న నటులకు ఇదేమీ తెలియదు. దేశమంతా ఊపిరి బిగబట్టి ఉంది. వాగ్నర్, ఓర్టెగా మాత్రం ఆ వంటింట్లో పండుగ భోజనం గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. చూసేవారు లేరు, వినేవారు లేరు, వారికి ఆ సంగతి తెలియదు. ప్రకటనల విరామంలో గానీ విషయం చెవిన పడలేదు. మధ్యలో కాసేపు ప్రసారం మళ్లీ సీరియల్‌కు వచ్చింది, మళ్లీ తెగింది. రెండు గంటలకల్లా తెర పూర్తిగా వార్తలదైపోయింది. అమెరికన్లు ఆ రోజును తలచుకున్నప్పుడల్లా, ఆ పాత రికార్డింగు వేసినప్పుడల్లా, చరిత్ర విరుచుకుపడే ముందు కనిపించే చివరి మనిషి నాన్సీ హ్యూస్. మామూలుతనానికి ఒక ముఖం ఉంటే, ఆ దేశానికి ఆ మధ్యాహ్నం అది హెలెన్ వాగ్నర్ ముఖం.

అయినా పేరు ప్రతిష్ఠలు ఇలాంటి పాత్రలకు రావు. అదే సీరియల్‌లో 1960 నుంచి లీసాగా నటించిన ఐలీన్ ఫుల్టన్ అంటే జనం ఊగిపోయారు, తిట్టారు కూడా. లీసా ఎత్తులు వేసే కోడలు. ఇంకో సీరియల్‌లో ఎరికా కేన్‌గా నటించిన సూసన్ లూచీకి, పగటి కార్యక్రమాలకు ఇచ్చే ఎమ్మీ అవార్డు పందొమ్మిదో నామినేషన్‌కు గానీ దక్కలేదు. 1999లో అది దక్కినప్పుడు సభంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. ఆమె దానికి అర్హురాలే. కానీ ఇంటిని పట్టి నిలిపే తల్లి పాత్రకు అలాంటి నాటకీయ క్షణం ఎప్పుడు దొరుకుతుంది? వాగ్నర్‌కు 2004లో జీవిత సాఫల్య ఎమ్మీ ఇచ్చారు. అప్పటికి ఆమెకు 85 ఏళ్లు.

విరామం గురించి చెబుతానన్నాను కదా. 1980ల మొదట్లో నాన్సీకి కథలో చోటు తగ్గిపోయింది. వాగ్నర్ కొన్నేళ్లు దూరమయ్యారు. పెద్దవయసు స్త్రీకి కథ రాయడం చేతకాక పక్కన పెట్టడం ఏ దేశంలోనైనా జరిగేదే, మన సీరియళ్లలోనూ చూస్తూనే ఉన్నాం. ఆ దశాబ్దం మధ్యలో ఆమె తిరిగి వచ్చారు. 1986లో, మొదటి రోజు నుంచి తెర మీద ఆమె భర్తగా ఉన్న డాన్ మెక్‌లాక్లిన్ నిజంగానే మరణించారు. ముప్పై ఏళ్లు రోజూ "డియర్" అని పిలిచిన మనిషి. కథలోనూ ఆ మరణాన్ని చూపించారు.

ఆ తర్వాత నాన్సీకి ఒక రిటైరైన పోలీసు అధికారితో మళ్లీ పెళ్లయింది. ఆ వేషం డాన్ ఫ్రేజర్‌ది. ఆ రెండో భర్తకు అల్జీమర్స్ వ్యాధి వచ్చింది. తనను మరిచిపోతున్న భర్తకు ఓపికగా సేవ చేసే వృద్ధురాలి కథ, మధ్యాహ్నం వేళ, లక్షల ఇళ్లలోకి వెళ్లింది. ఆ ఇళ్లలో ఎందరో అదే సేవ చేస్తూ ఉండి ఉంటారు. వాగ్నర్ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ దశే. వినడం, ఎదురుచూడడం, కంఠం పెంచకుండా బాధపడడం, ముప్పై ఏళ్లుగా సాధన చేసిన విద్యంతా ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఒకే పాత్రను అత్యధిక కాలం పోషించిన నటిగా గిన్నిస్ పుస్తకం ఆమె పేరు రాసుకుంది. తర్వాత బ్రిటన్ నటుడు విలియం రోచ్ ఆ కాలాన్ని దాటారు.

2009 డిసెంబర్‌లో సీరియల్‌ను ఆపేస్తున్నట్టు సీబీఎస్ ప్రకటించింది. ప్రేక్షకులు తగ్గిపోయారు, పగటిపూట ఇంట్లో ఉండే స్త్రీల సంఖ్యే తగ్గిపోయింది. 2010 మే 1న హెలెన్ వాగ్నర్ కన్నుమూశారు. ఆ వేసవిలోనే కథలో నాన్సీని కూడా సాగనంపారు.

చివరి భాగం సెప్టెంబర్ 17న వచ్చింది. లెక్కకు 13,858వది. ఆ రోజు డాక్టర్ బాబ్ హ్యూస్ ఆసుపత్రిలోని తన గదిని ఖాళీ చేస్తాడు. ఆ వేషం 1960 నుంచి డాన్ హేస్టింగ్స్‌దే. బాబ్ నాన్సీ కొడుకు, ఆ పండుగకు లీసాను పిలిచిన కొడుకే. బల్ల మీద చిన్న గ్లోబు ఉంది. గది వదిలి వెళుతూ అతను అన్న ఒకే ఒక్క మాటతో ఆ సీరియల్ ముగిసింది. "గుడ్ నైట్."