బండి మీది బోండా, అమ్మ చేసిన సున్నుండ: వ్యాయామం చేసేవాళ్లు ఎప్పుడు తినాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో మధుమేహానికి చికిత్స చేసే వైద్యురాలు మనతో ఉన్నారు. పొద్దున్నే నడిచేవాళ్లు, మైదానంలో పరుగెత్తేవాళ్లు, జిమ్‌కు వెళ్లేవాళ్లు తీపి పదార్థాలు, నూనెలో వేయించినవి ఏ వేళకు తినాలన్నది ఈ రోజు విషయం. మొదటి ఫోను విజయవాడ నుంచి. మాట్లాడండి సార్.

శ్రోత (విజయవాడ): నమస్కారం మేడం. నాకు 48 ఏళ్లు. రోజూ పొద్దున ముప్పావు గంట నడుస్తాను. నడక అయ్యాక మిత్రులందరం బండి దగ్గర ఆగి తలా ఒక ప్లేటు మైసూరు బోండా, ఆపైన కాఫీ తీసుకుంటాం. నడిచి వచ్చాక తింటే ఏదైనా కరిగిపోతుందని మా వాళ్లంటారు. నా బరువు మాత్రం కిలో కూడా తగ్గలేదు.

డాక్టర్: నమస్కారమండీ. బరువు తగ్గలేదని నడక మాత్రం మానకండి. గుండెకూ, రక్తపోటుకూ అది చేసే మేలు చేస్తూనే ఉంటుంది. మీ బరువెంత?

శ్రోత: 82 కిలోలు మేడం.

డాక్టర్: ఆ బరువున్న మనిషి ముప్పావు గంట కాస్త వేగంగా నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. ఒక్క టేబుల్ స్పూను నూనెలోనే దాదాపు 120 ఉంటాయి. బోండా పీల్చుకున్న నూనె, మైదా, పక్కన కొబ్బరి చట్నీ కలిపి చూసుకోండి, మీరు నడిచిందంతా ఆ ప్లేటుకే సరిపోతుంది. మీ మిత్రుల మాటలో కొంత నిజం లేకపోలేదు. వ్యాయామం చేసిన కండరాలు ఆ తర్వాత కొన్ని గంటలపాటు రక్తంలోని గ్లూకోజును మామూలుకన్నా బాగా తీసుకుంటాయి. అందుకని కాస్త తీపి తినాలనుకుంటే నడక తర్వాత తినడం మంచిదే. కానీ ఆ వెసులుబాటు చక్కెరకే, నూనెకు లేదు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, నడకకు ముందు తిన్నా తర్వాత తిన్నా అంతే.

శ్రోత: అయితే బండి దగ్గర ఆగవద్దంటారా?

డాక్టర్: ఎందుకు ఆగకూడదండీ? ఆ కబుర్ల కోసమే కదా చాలామంది తెల్లవారకముందే లేచి వస్తున్నారు. ఆగండి, ఇడ్లీ తినండి. బోండా ఆదివారానికి ఉంచుకోండి, ఆ రోజుకు అదే టిఫిను. ఇంటికి వెళ్లాక మళ్లీ టిఫిను చేస్తున్నారా?

శ్రోత: చేస్తాను మేడం. ఇంట్లో దోసెలు పోస్తారు.

డాక్టర్: మీ బరువు తగ్గకపోవడానికి కారణం అక్కడుంది. బండి దగ్గర తిన్నది చాలామంది లెక్కలో వేసుకోరు. రెండింటిలో ఒకటి మానండి, రెండు నెలల తర్వాత బరువు చూసుకోండి.

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి ఒక యువకుడు లైన్లో ఉన్నారు.

శ్రోత (నల్గొండ): నమస్తే మేడం. పోలీసు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు తయారవుతున్నాను. 1600 మీటర్లు పరుగెత్తాలి. పొద్దున అయిదింటికి గ్రౌండుకు వెళ్లేముందు బలమని మా అమ్మ రెండు సున్నుండలు పెడుతుంది. మూడో రౌండు వచ్చేసరికి కడుపులో ఒక పక్క పట్టేస్తుంది, పుల్లటి తేన్పులు వస్తాయి. సున్నుండ మంచిది కాదా మేడం?

డాక్టర్: చాలా మంచిది నాన్నా. అమ్మ పెట్టేది సరైనదే, పెట్టే వేళే మార్చాలి. సున్నుండలో మినప్పిండి, బెల్లం, దండిగా నెయ్యి ఉంటాయి. నెయ్యి ఉన్న పదార్థం కడుపులోంచి త్వరగా కదలదు. అదే సమయంలో నువ్వు పరుగు మొదలుపెడితే రక్తం కాళ్ల కండరాల వైపు మళ్లుతుంది, జీర్ణాశయానికి వెళ్లేది తగ్గుతుంది. తిన్నది అలాగే ఉండి పైకి తంతుంది. కడుపు నిండుగా ఉండగా పరుగెత్తితే పక్క పట్టేయడం కూడా ఎక్కువే.

శ్రోత: ఏమీ తినకుండా వెళ్తే కళ్లు తిరుగుతున్నట్టు ఉంటుంది.

డాక్టర్: ఏమీ తినకుండా వద్దు. అరగంట, ముప్పావు గంట ముందు ఒక అరటిపండు గానీ, రెండు మూడు ఖర్జూరాలు గానీ తిని నీళ్లు తాగు. కొందరికి పరుగుకు కాస్త ముందు బాగా తీపి తింటే ఒంట్లో చక్కెర పెరిగి, పరుగు మొదలయ్యాక గబుక్కున పడిపోతుంది. నీకు ఏది పడుతుందో ఇప్పుడే చూసుకో. పరీక్ష రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టవద్దు. ఆ సున్నుండలు పరుగు అయ్యాక, టిఫినుతో కలిపి తిను. సాయంత్రం కూడా సాధన చేస్తావా?

శ్రోత: అవును మేడం, అయిదు నుంచి ఏడు దాకా.

డాక్టర్: అయితే పొద్దున సాధన అయిన గంటలోపే తినేయాలి. కండరాల్లో దాచుకున్న చక్కెర, అదే గ్లైకోజెన్, మొదటి ఒకటి రెండు గంటల్లో వేగంగా తిరిగి నిండుతుంది. రోజుకు రెండుసార్లు శ్రమించేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. రెండు గంటల సాధన కాబట్టి సాయంత్రం మధ్యలో కాస్త గ్లూకోజు నీళ్లు తాగినా తప్పులేదు. ఉత్త 1600 మీటర్ల పరుగుకైతే ఎనర్జీ డ్రింకు మీద డబ్బు పెట్టవద్దు, మంచినీళ్లు చాలు.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి వాట్సాప్‌లో ఒక ప్రశ్న. రాత్రి ఎనిమిదికి జిమ్, పదింటికి బిర్యానీ తిని పడుకుంటున్నారట.

డాక్టర్: వ్యాయామం చేసిన రోజు కాబట్టి అన్నం, మాంసం తినొచ్చు. కానీ తిన్న వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి తన్నుతుంది, నిద్ర చెడుతుంది. బిర్యానీ సెలవు రోజు మధ్యాహ్నానికి మార్చుకోండి. రాత్రికి అన్నం, పప్పు, గుడ్డు లేదా చికెన్ కూర సరిపోతాయి.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి పెద్దావిడ చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. మాట్లాడండి అమ్మా.

శ్రోత (వరంగల్): నమస్తే బిడ్డా. నాకు 63 ఏళ్లు. షుగరు ఉంది. పొద్దున నడిచి వచ్చాక చిన్న చాక్లెట్ ఒకటి తింటాను, వణుకు తగ్గుతుంది. రోజూ తినొచ్చా అని అడుగుదామని చేశాను.

డాక్టర్: చాక్లెట్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ఆ వణుకు ఎప్పుడు వస్తుంది?

శ్రోత: నడక ముగిసే వేళకు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణకడం. నడక వల్ల అనుకున్నాను.

డాక్టర్: మాత్రలు ఏవి వాడుతున్నారు?

శ్రోత: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర. లేవగానే అయిదున్నరకు వేసుకుని నడకకు వెళ్తాను. వచ్చి స్నానం, పూజ చేసుకుని ఎనిమిదిన్నరకు టిఫిను తింటాను.

డాక్టర్: అమ్మా, చాలా జాగ్రత్తగా వినండి. గ్లిమెపిరైడ్ మీ ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. నడిచే కండరాలు చక్కెరను లాక్కుంటాయి. కడుపులో చూస్తే తిండి లేదు. మూడూ ఒక్కసారే జరుగుతున్నాయి. ఆ చెమట, ఆ వణుకు షుగరు పడిపోతున్నప్పుడు వచ్చేవి. ఇంకా పడితే స్పృహ తప్పుతుంది. ఆ మాత్ర టిఫినుతో పాటు వేసుకునేది, లేవగానే వేసుకునేది కాదు. ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఉందా?

శ్రోత: ఉంది. మా కోడలు చూస్తుంది.

డాక్టర్: నడకకు ముందు చూడమనండి. 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండు తిని, కాస్త ఆగి బయల్దేరండి. 70 కంటే తక్కువ ఉంటే ఆ పూట నడక వద్దు. వణుకు వస్తే చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి చేరనివ్వదు. మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ, పంచదార గానీ నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ షుగరు చూడాలి, అప్పటికీ 70 దాటకపోతే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక టిఫిను తినండి, పూజ కోసం ఆలస్యం చేయవద్దు. నడకకు వెళ్లేటప్పుడు గ్లూకోజు పొట్లం కొంగున కట్టుకోండి, తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి.

శ్రోత: మరి తీపి అసలు తినకూడదా బిడ్డా? ఉగాదికి బొబ్బట్లు చేస్తాం.

డాక్టర్: సగం బొబ్బట్టు తినండి. ఉత్త కడుపున వద్దు. మధ్యాహ్నం కూర, పప్పు తిన్నాక చివర్లో తినండి, ఆ పూట అన్నం తగ్గించండి. తర్వాత పావుగంట ఇంటి ముందే నెమ్మదిగా అటూ ఇటూ నడవండి. భోజనం అయ్యాక నడిచే ఆ నడకతో షుగరు పెరగడం బాగా తగ్గుతుంది. రెండు గంటల తర్వాత మిషనులో చూసుకుంటే మీకే తెలుస్తుంది.

శ్రోత: సరే బిడ్డా. వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అప్పుడు చెప్తాను.

డాక్టర్: వచ్చే వారం దాకా ఆగవద్దమ్మా. ఈ ఫోను పెట్టేసి ఆయనకే చేయండి, మాత్ర మోతాదు తగ్గించాలేమో ఆయన చూడాలి. రేపు పొద్దున మాత్రం ఉత్త కడుపున ఆ మాత్ర వేసుకోకండి.

శ్రోత: ఇప్పుడే చేస్తాను.