ముహూర్తం ఆగదు: పెళ్లి ఫోటోగ్రాఫర్ చేతిలో ఎలాంటి కెమెరా ఉండాలి?

అందరికీ నమస్కారం అండీ. పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా ఊళ్లో స్టూడియో పెడుతున్నాను. మాఘమాసంలో మొదటి పెళ్లి ఆర్డర్ ఒప్పుకున్నాను. చేతిలో లక్షన్నర ఉంది. ప్రొఫెషనల్ కెమెరా ఏది కొనమంటావు?" అని. ఏదో ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ రెండేళ్లకి ఆ పేరు పాతబడిపోతుంది. ప్రొఫెషనల్ కెమెరా అని అసలు దేన్ని అనాలో తెలిస్తే ఎప్పుడు కొన్నా మోసపోడు. అందుకే ఈ వీడియో.

ముందే ఒక మాట. నేను పెళ్లిళ్లు తీసేవాణ్ణి. స్టేడియంలో క్రికెట్ తీసేవాళ్ల లెక్కలు వేరు, అడవిలో పులుల్ని తీసేవాళ్ల లెక్కలు వేరు. నాకు బాగా తెలిసింది పెళ్లి పందిరి. అక్కడ నిలబడే చెబుతాను.

జీలకర్ర బెల్లం ఘడియ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రాత్రి రెండు దాటింది. వధూవరుల మధ్య అడ్డుతెర. ఇద్దరి చేతుల్లో తమలపాకు, అందులో జీలకర్ర బెల్లం ముద్ద. పంతులుగారు చెయ్యి ఎత్తారు, భజంత్రీలు గట్టిమేళం అందుకున్నారు, ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టారు, తెర కిందికి దిగింది. అమ్మాయి కళ్లెత్తి అబ్బాయిని చూస్తుంది. ఆ చూపు మహా అయితే రెండు సెకన్లు. సరిగ్గా అప్పుడే నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడుతుంటాయి. మేనమామ ఫోన్ పట్టుకుని మన ముందుకి వస్తాడు. అమ్మాయి నుదుట బాసికం, మెడలో దండ, ముఖంలో కనిపించేదే సగం. ఆ సగం ముఖంలో కంటి మీద ఫోకస్ పడాలి. దండలోని మల్లెపువ్వు మీద పడితే ఆ ఫోటో పోయినట్టే.

"ఇంకోసారి చూడమ్మా" అని అడగొచ్చు. పాపం, చూస్తుంది కూడా. కానీ మొదటి చూపు అప్పటికే అయిపోయింది.

నా దృష్టిలో ఆ రెండు సెకన్లలో మనల్ని వదిలెయ్యని కెమెరాయే ప్రొఫెషనల్ కెమెరా. మంచి వెలుతురులో మంచి ఫోటో ఈ రోజు ఫోన్‌లో కూడా వస్తుంది. మనకి డబ్బులిచ్చేది వెలుతురు లేనప్పుడు, జనం తోసేస్తున్నప్పుడు, రెండో అవకాశం లేనప్పుడు కూడా తెచ్చిపెడతామని. కెమెరాని కూడా ఆ కంటితోనే చూడాలి.

అందుకే నేను బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, చేతిలోకి తీసుకోగానే మొదట చూసేది సెన్సార్ (వెలుతురుని బొమ్మగా పట్టే లోపలి పలక) కాదు. పక్కనున్న చిన్న తలుపు తీసి మెమరీ కార్డు పెట్టే స్లాట్లు ఎన్ని ఉన్నాయో చూస్తాను.

దీని వెనక ఒక కథ ఉంది. నేను పని మొదలుపెట్టిన కొత్తల్లో నా కెమెరాకి ఒకటే స్లాట్. ఒక పల్లెటూళ్లో పెళ్లి. సాయంత్రం ఎదురుకోలు నుంచి మర్నాడు పొద్దున అప్పగింతల దాకా తీశాను. ఇంటికొచ్చి స్నానం చేసి కార్డు కంప్యూటర్‌లో పెడితే, "ఫార్మాట్ చెయ్యమంటారా?" అని అడిగింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. ఒళ్లంతా చెమటలు పట్టేశాయి. రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పరిగెత్తితే ముహూర్తం ఫోటోలు చాలావరకు వచ్చాయి గానీ, అప్పగింతలవి ఒక్కటీ రాలేదు. పెళ్లికూతురి నాన్నగారికి చెప్పడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన విని, కాసేపు ఊరుకుని, "మా అమ్మ దాన్ని పట్టుకుని ఏడ్చింది చూడు బాబూ, అదొక్కటైనా లేదా?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మజ్జిగ ఇచ్చి పంపించారు. నాలుగు తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆ తర్వాత ఒకటే స్లాట్ ఉన్న కెమెరాతో ఇంతవరకు ముహూర్తం తియ్యలేదు.

రెండు స్లాట్లు ఉంటే ఒకే ఫోటో ఒకేసారి రెండు కార్డుల్లోకీ వెళ్తుంది. ఒకటి చచ్చినా ఇంకోటి ఉంటుంది. ఇదేం కొత్త సంగతి కాదు. 2004లో వచ్చిన కెనాన్ 1డి మార్క్ 2లోనే రెండు స్లాట్లు ఉన్నాయి. 2012లో వచ్చిన 5డి మార్క్ 3లోనూ ఉన్నాయి. అయితే 2018లో నికాన్, కెనాన్ కంపెనీలు ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లోకి దిగినప్పుడు నికాన్ జెడ్6, జెడ్7, కెనాన్ ఈఓఎస్ ఆర్, మూడూ ఒక్క స్లాట్‌తోనే వచ్చాయి. ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి, లెన్సులు బ్రహ్మాండం. అయినా ప్రపంచమంతా పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఒప్పుకోలేదు. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీలో రెండు స్లాట్లు ఉన్నాయి మరి. 2020లో నికాన్ జెడ్6 టూ, జెడ్7 టూ, కెనాన్ ఆర్5, ఆర్6 వచ్చేసరికి అన్నింటిలోనూ రెండేసి స్లాట్లు పెట్టారు. కంపెనీలు ఆ మాట విన్నాయని నేను అనుకుంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు స్లాట్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. మొదటి కార్డు నిండాక రెండోదాంట్లోకి వెళ్లేలా పెట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. అలా పెడితే రెండు కార్డులున్నా ఒక్కటి ఉన్నట్టే. మెనూలోకి వెళ్లి బ్యాకప్ పెట్టండి. ఈ వీడియో ఆపి ఇప్పుడే పెట్టేయండి, నేను ఆగుతాను.

సరే, వెలుతురు సంగతికి వద్దాం. ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద లైట్లుంటాయి గానీ, అప్పగింతలు జరిగేది గుమ్మం దగ్గర, అరుంధతీ నక్షత్రం చూపించేది ఆరుబయట. అక్కడ ఐఎస్ఓ 6400కి పోక తప్పదు, అంటే చీకట్లో కూడా ఫోటో వెలుతురుగా రావడానికి ఉండే సెట్టింగ్‌ని అంత పైకి పెంచాలి, దాంతో ఫోటోలో గ్రెయిన్స్ అనే చుక్కలు వస్తాయి. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36 మిల్లీమీటర్లు వెడల్పు, 24 ఎత్తు. మామూలు కెమెరాల్లో ఉండే చిన్న ఏపీఎస్-సీ సెన్సార్‌తో పోలిస్తే విస్తీర్ణంలో రెండింతలకి పైనే ఉంటుంది. ఒకే ఎక్స్‌పోజర్‌లో అంత ఎక్కువ వెలుతురు పోగవుతుంది కాబట్టే గ్రెయిన్స్ తక్కువ కనిపిస్తాయి. కాకపోతే దీనికంటే పెద్ద తేడా లెన్స్ తెస్తుంది. బాడీతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ జూమ్ చివర్లో ఎఫ్ 5.6. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. అదే ఒక 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెడితే సుమారు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. బాడీ మీద మొత్తం డబ్బు పోసి కిట్ లెన్స్‌తో పెళ్లికి వెళ్లేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మన పెళ్లిళ్లలోనే ఉన్న పరీక్ష ఇంకోటి చెబుతాను. మధుపర్కాలు. తెల్లటి నేత బట్ట, ఎర్రటి అంచు. ఇద్దరూ అవే కట్టుకుని పీటల మీద కూర్చుంటారు. ఫ్లాష్ కాస్త ఎక్కువైతే చాలు, ఆ తెలుపు కాలిపోయి కాగితం ముక్కలా వస్తుంది. నేత కనిపించదు, మడత కనిపించదు, బట్ట మీద పడ్డ పసుపు మరక కనిపించదు. ఆ పసుపు మరకలో పెళ్లంతా ఉంటుందండీ, దాన్ని పోగొట్టుకోకూడదు. జెపెగ్‌లో కాలిపోయిన తెలుపుని వెనక్కి తేవడం దాదాపు కుదరని పని. సెన్సార్ పట్టిన వివరాన్ని ఎక్కువగా దాచే 14 బిట్ రా ఫైల్‌లో కొంతవరకు తేవచ్చు. అందుకని ఒక తెల్ల పంచె తీసుకెళ్లి కెమెరాని పరీక్షించండి. కాస్త తక్కువ ఎక్స్‌పోజర్‌లో తీసి, తర్వాత కంప్యూటర్‌లో నీడలు పైకి లేపి చూడండి. నీడల్లో చారలూ రంగు మచ్చలూ రాకుండా నిలబడితే ఆ సెన్సార్ మనకి పనికొస్తుంది.

మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. 24 చాలు, ఆల్బమ్‌కి బాగా సరిపోతాయి. 45 ఉంటే హార్డ్ డిస్కులు కొనలేక చస్తాం.

ఈ మధ్య కొత్త తలనొప్పి ఒకటి మొదలైంది. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడలు. శబ్దం రాని సైలెంట్ షట్టర్ పెట్టి తీస్తే పెళ్లికూతురి ముఖం మీదుగా అడ్డ చారలు వస్తాయి. ఎందుకంటే ఆ మోడ్‌లో మామూలు సెన్సార్ బొమ్మని ఒక్కసారిగా చదవదు, పైనుంచి కిందికి వరస వెంట వరస చదువుతుంది. ఆ లోపు లైటు ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంది. మన కంటికి తెలియదు గానీ సెన్సార్ పట్టేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబులైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. నిజంగా తెర కదిలే మెకానికల్ షట్టర్‌లో, సెకనులో వందో వంతు దగ్గర తీస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. సెన్సార్ మొత్తాన్నీ ఒక్కసారే చదివే గ్లోబల్ షట్టర్‌ని సోనీ 2023 నవంబర్లో ఏ9 త్రీలో ప్రకటించింది. దాని ధర మనలాంటివాళ్లకి అందేది కాదు. మనకి కావాల్సింది మంచి మెకానికల్ షట్టర్, లైటు మినుకుని కనిపెట్టి దానికి తగ్గట్టు క్లిక్ కొట్టే యాంటీ ఫ్లికర్ సెట్టింగ్. కొనేముందు ఆ రెండూ ఉన్నాయో లేదో అడగండి.

ఆటోఫోకస్‌లో అందరూ ఐ డిటెక్షన్, అంటే కంటిని కనిపెట్టి ఫోకస్ పెట్టడం, అడుగుతారు. ఉండాలి, మంచిదే. కానీ తలంబ్రాలప్పుడు ఏమవుతుందో గమనించండి. ముఖానికీ కెమెరాకీ మధ్య పసుపు బియ్యం ఎగురుతుంటే, ఫోకస్ కంటిని వదిలేసి బియ్యం మీదకి దూకుతుంది. అలా దూకకుండా పట్టి ఉంచే ట్రాకింగ్ సెన్సిటివిటీ అనే సెట్టింగ్ మంచి బాడీల్లో ఉంటుంది. తలంబ్రాలకి ముందు దాన్ని తగ్గించి పెట్టుకోండి. హోమం పొగలో కూడా ఇదే కాపాడుతుంది.

వీడియో కూడా తీసేవాళ్లు ఒకటి చూసుకోండి. ఏ7 త్రీ లాంటి చాలా కెమెరాల్లో రికార్డింగ్ 29 నిమిషాలకి దానంతట అదే ఆగిపోతుంది. ట్రైపాడ్ మీద పెట్టి పక్కకి వెళ్లామా, మాంగల్యధారణ పోతుంది. వైశాఖంలో, మే నెల ఎండకి రేకుల షెడ్డు కింద 4కే తీస్తుంటే వేడెక్కి ఆగిపోయే బాడీలు కూడా ఉన్నాయి. షాపులో ఏసీ గదిలో ఇది బయటపడదు. అద్దెకి తెచ్చి ఒక మధ్యాహ్నం డాబా మీద నడిపి చూడండి. బ్యాటరీకి పెట్టెమీద రాసిన అంకె ఏదైనా సరే, ఏ7 త్రీకి 710 ఫోటోలని ఉంటుంది, మీరు మూడు బ్యాటరీలు పెట్టుకుని వెళ్లండి.

ఇంక చేతి సంగతి. కెమెరా పట్టుకుని కళ్లు మూసుకోండి. కళ్లు తెరవకుండా ఐఎస్ఓ మార్చండి, షట్టర్ మార్చండి, ఫోకస్ పాయింట్ జరపండి. టచ్ స్క్రీన్ మీద వెతుక్కోవాల్సి వస్తే ఆ కెమెరా ముహూర్తానికి పనికిరాదు. మన వేళ్లకి అప్పటికే గంధం, చెమట, పన్నీరు అంటి ఉంటాయి. డయల్ తిరుగుతుంది, స్క్రీన్ మాట వినదు. బరువు కూడా చూడండి. 5డి మార్క్ 3 బ్యాటరీ, కార్డుతో 950 గ్రాములు, ఏ7 త్రీ 650. పదిహేను గంటలు మెడలో వేలాడేసరికి ఆ 300 గ్రాముల తేడా మీ నడుముకి తెలుస్తుంది.

తమ్ముడూ, ఇప్పుడు నీ లక్షన్నర గురించి. కొత్త బాడీ జోలికి పోకు. రెండు స్లాట్లున్న ఫుల్ ఫ్రేమ్ బాడీ సెకండ్ హ్యాండ్‌లో చూడు. షట్టర్ ఎన్ని కొట్టిందో, అంటే అప్పటిదాకా దాంతో ఎన్ని ఫోటోలు తీశారో, తప్పకుండా కనుక్కో. 5డి మార్క్ 3 షట్టర్‌ని కంపెనీ లక్షన్నర క్లిక్కుల దాకా పరీక్షించింది. పెళ్లికి మూడున్నర వేలు కొడతావనుకుంటే నలభై పెళ్లిళ్లు, అంతే. అప్పటికే లక్ష దాటిన బాడీ అయితే బేరం గట్టిగా ఆడు, లేదా వదిలేయ్. ఇంకో మాట, 5డి మార్క్ 3లో ఎస్‌డీ స్లాట్ నెమ్మదిగా రాస్తుంది, రెండు కార్డులకీ పెడితే బర్స్ట్ (వరసగా కొట్టే క్లిక్కులు) త్వరగా ఆగిపోతుంది. అది తెలిసి కొనుక్కో.

ఏ కంపెనీది అని అడుగుతావు. మీ ఊళ్లో, చుట్టుపక్కల మండలాల్లో మిగతా ఫోటోగ్రాఫర్లు ఏది వాడుతున్నారో అదే కొను. నేను చెప్పే మాటల్లో ఇది చాలామందికి నచ్చదని తెలుసు. కానీ రాత్రి పది గంటలకి లెన్స్ కిందపడి పగిలితే, నువ్వు హైదరాబాద్ కోఠికి బయల్దేరలేవు. బండి మీద అరగంటలో వెళ్లి ఎవరో ఒక అన్న దగ్గర అదే మౌంట్ లెన్స్, అంటే నీ బాడీకి బిగుసుకునేది, తెచ్చుకోగలగాలి.

బాడీకి పోగా మిగిలినదాంతో 35 ఎంఎం ఒకటి, 85 ఎంఎం ఒకటి, రెండూ ఎఫ్ 1.8, ఒక ఫ్లాష్, నాలుగు మంచి కార్డులు. రెండో బాడీ పెళ్లి రోజుకి అద్దెకి తీసుకో. రెండు బాడీల్లోనూ టైమ్ సెకన్లతో సహా ఒకటే ఉండేలా పెట్టుకో, లేకపోతే ఆల్బమ్‌కి వరస పేర్చేటప్పుడు తాళి కట్టిన తర్వాత జీలకర్ర బెల్లం వస్తుంది. పెళ్లి అయ్యాక ఒక కార్డు బ్యాగులో వెయ్యి, ఇంకోటి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లు. రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయ్యేదాకా ఏ కార్డునీ ఫార్మాట్ చెయ్యకు.

ఇంకా మాఘమాసానికి టైమ్ ఉంది కదా, కెమెరా కొన్నాక ఎవరి పెళ్లికైనా ఊరికే వెళ్లి, ఆ ఫోటోగ్రాఫర్‌కి చెప్పి, ఒక పక్కన నిలబడి తీసి చూడు. అప్పగింతల దగ్గర అమ్మమ్మనీ నానమ్మనీ మర్చిపోకు.