ఊరంతా ఒకే పుస్తకం: మన వైజాగ్‌కి ఏది?

అక్క: నమస్కారం. ఊరివాళ్లంతా ఒకే పుస్తకం చదివి మాట్లాడుకోవడం గురించి ఇవాళ మాట్లాడదాం. 1998లో సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ మొదలుపెట్టారు. 2001లో షికాగో అందుకుంది. మరి వైజాగ్‌లో పెడితే ఏ పుస్తకం?

తమ్ముడు: కన్యాశుల్కం.

అక్క: మళ్లీనా? సింహాచలం మెట్ల మీద తేలిపోలేదా ఇది?

తమ్ముడు: తేల్లేదు. నువ్వు ప్రసాదం కోసం వెళ్లిపోయావు.

అక్క: అది విజయనగరం పుస్తకంరా. 1892లో మొదట ఆడింది కూడా అక్కడే. మన ఊరి కోర్టుల్లో ప్లీడరీ చేసి, బీదవాళ్ల గోడు వాళ్ల మాటల్లోనే రాసిన రావిశాస్త్రి లేరా?

తమ్ముడు: ఆయనంటే నాకూ ప్రాణమే. కానీ కన్యాశుల్కంలో వకీలు సౌజన్యారావు పంతులు ఉండేది ఎక్కడ? విశాఖపట్నంలో! పైగా నాటకం. పైకి చదివితే చదువు రానివాళ్లూ వింటారు.

అక్క: సరే, ఏ కన్యాశుల్కం? 1897లో అచ్చయిందా, 1909లో వచ్చిందా? సగం ఊరు ఒకటి, సగం ఊరు ఇంకోటి చదివితే ఒకే పుస్తకం ఎలా అవుతుంది?

తమ్ముడు: 1909దే. గురజాడ తిరగరాసి పెంచింది. దాన్నే పైకి చదవాలి. బీచ్ రోడ్డులో, ఫిషింగ్ హార్బర్‌లో, రోజుకి ఒక్క రంగం.

అక్క: హార్బర్‌లో ఆ హడావుడిలో ఎవరు వింటారు?

తమ్ముడు: వలలు బాగుచేసుకుంటూ వింటారు. చేతులకే కదా పని, చెవులు ఖాళీయే.

అక్క: ...అమ్మా అలాగే వినేది.

తమ్ముడు: ఊఁ.

అక్క: కంటి ఆపరేషన్ అయ్యాక పుస్తకం మూసి, మధ్యలో వేలు పెట్టుకుని కూర్చునేది. ఆ పుస్తకం నువ్వు తీసుకుని చదువుతుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ...

తమ్ముడు: "మధురవాణి మాట అంత చప్పగా చదవకురా" అనేది. తనే అని చూపించేది, పుస్తకం చూడకుండా.

అక్క: అందుకా నీకింత పట్టు?

తమ్ముడు: అందుకే. పైకి చదివితే పక్కవాళ్లు ఊరుకోరక్కా. ఎవరో ఒకరు దిద్దుతారు. అక్కడే మాటలు మొదలవుతాయి.

అక్క: మరి కాపీలు? ద్వారకానగర్ లైబ్రరీలో ఉన్నవి ఊరందరికీ ఎలా సరిపోతాయి?

తమ్ముడు: వీధికొకటి చాలు, చదివేవాడు ఉంటే.

అక్క: ఒరేయ్, అమ్మ అన్నది రికార్డు చేశావు కదా?

తమ్ముడు: పాత ఫోన్‌లో ఉంది. దానికి ఛార్జరే లేదు.

అక్క: బీరువా పై అరలో చూశావా?

తమ్ముడు: లేదు.

అక్క: పద, చూద్దాం. ఈ రికార్డింగ్ ఆపెయ్.