తీయండి అంటే తొలగించాలా, తీసి ఇవ్వాలా?

[తెర మీద ఒక టికెట్, అంటే మా టీమ్‌కి వచ్చిన పని అభ్యర్థన: "ఏడాదిగా ఏమీ కొనని కస్టమర్లను లిస్టులోంచి తీయండి."]

ఈ వాక్యం చూసి మీరైతే ఏం కోడ్ రాస్తారు?

నేను డిలీట్ రాశాను. టెస్టులన్నీ పాసయ్యాయి, రివ్యూ కూడా అయిపోయింది. సాయంత్రం మార్కెటింగ్ నుంచి ఫోన్: "ఆ పేర్లు తీశారా అండీ? పంపితే వాళ్లకి ఆఫర్ మెసేజ్ పెడతాం." ఆవిడ రిపోర్ట్ తీసినట్టు తీయమన్నారు. నేను ముల్లు తీసినట్టు తీసేశాను. బ్యాకప్ నుంచి డేటా వెనక్కి వచ్చేదాకా ఒకటే టెన్షన్.

మా ఇద్దరికీ తెలుగు బాగానే వచ్చు. మరి తేడా ఎక్కడొచ్చింది? వాక్యం నుంచి అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మీద మన న్యాయ, మీమాంస దర్శనాల పండితులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. డెవలపర్లకు అది నేరుగా పనికొస్తుందని నా నమ్మకం.

[తెర మీద మూడు మాటలు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి]

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, వాక్యం అర్థం కావాలంటే ఈ మూడూ ఉండాలన్నాడు.

ఆకాంక్ష అంటే ఒక మాట మరో మాట కోసం ఎదురుచూడటం. "ఆవు గుర్రం మనిషి ఏనుగు" అంటే ఏ మాటా దేనితోనూ అతకదు. మన ప్రోగ్రామర్ల భాషలో సింటాక్స్ ఎర్రర్, అంటే వాక్య నిర్మాణంలోనే తప్పు.

"ఆవును" అని ఇప్పుడూ, "తీసుకురా" అని ఒక జాము పోయాకా అంటే సన్నిధి లేనట్టు. మన రిక్వైర్‌మెంట్లు వచ్చేదీ ఇలాగే కదా! సగం సోమవారం చాట్‌లో, మిగతా సగం గురువారం కాల్‌లో. రెండూ ఒక్కచోట రాసుకునేదాకా అది వాక్యమే కాదు.

ఇక యోగ్యత. "నిప్పుతో తడుపు" అంటే వ్యాకరణం తప్పలేదు, కానీ నిప్పు తడపలేదు. ఇది టైప్ ఎర్రర్‌కి దగ్గర, అంటే ఒక రకం విలువ కావాల్సిన చోట మరో రకం ఇవ్వడం.

[తెర మీద అంగారకుడు, దగ్గరికి వస్తున్న నౌక]

1999 సెప్టెంబర్ 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది. థ్రస్టర్ల ప్రభావాన్ని భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. అందుకున్న సాఫ్ట్‌వేర్ వాటిని న్యూటన్ సెకన్లనుకుంది. తేడా సుమారు 4.45 రెట్లు. అటూ ఇటూ ఉన్నవి అంకెలే, అందుకే ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఎఫ్ షార్ప్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలో యూనిట్‌ని టైపులోనే రాయొచ్చు. అప్పుడు పౌండ్లను న్యూటన్లతో కలపబోతే కంపైలరే ఆపేస్తుంది.

కానీ నా టికెట్‌లో ఈ మూడూ ఉన్నాయి! లేనిది నాలుగోది, తాత్పర్యం. అంటే చెప్పినవాళ్ల ఉద్దేశం.

దీనికి శాస్త్రాల్లో పేరున్న ఉదాహరణ "సైంధవం తీసుకురా". సంస్కృతంలో సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం దగ్గర అడిగితే ఉప్పు, ప్రయాణానికి బయల్దేరుతూ అడిగితే గుర్రం. సందర్భమే తేలుస్తుంది. ఆ మార్కెటింగ్ ఆవిడ ఏ పనిలో ఉండి అడిగారో నేను చూడలేదు. టికెట్‌లో ఆ సంగతి లేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు మా కోడ్‌లో "తీయి" అన్న ఫంక్షన్ లేదు. "తొలగించు" ఒకటి, "జాబితా_ఇవ్వు" ఒకటి ఉన్నాయి.

[తెర మీద మళ్లీ అదే టికెట్. కింద కామెంట్ టైప్ అవుతుంది: "తీసి మీకు పంపాలా, డేటాబేస్‌లోంచి తొలగించాలా అండీ?"]